నా వయసెంతుంటదో చెప్పు

అమీర్‌పేట మెట్రో స్టేషన్ వెనక సందులో కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ చూసి స్కూటర్ ఆపాను. శ్రద్ధాంజలి అని ఉంది. కింద నల్లటి జుట్టు, వెడల్పాటి కాలరు, నవ్వు మొహం. ఆ ఫోటో తీయించుకున్ననాడు అతనికి నలభై దాటి ఉండవు. పోయింది డెబ్బై ఎనిమిదో ఏట. పోయిన తేదీ వేశారు కానీ పుట్టిన తేదీ వేయలేదు. చచ్చి కూడా వయసు దాచుకున్నాడు అనుకున్నాను.

పోయినవాళ్ళని 'ఆయన' అనాలని పెద్దలు చెబుతారు. నాకు నోరు రాదు, 'అతను' అనే రాస్తాను. పేరు రాయను. రాస్తే చదివినవాళ్ళలో ఎవరో ఒకరు 'పాపం, ముసలాయన' అంటారు. ఆ మాట అతనికి ఒకసారి చాలా బాగా పనికొచ్చింది. రెండోసారి పనికి రానివ్వడం నాకిష్టం లేదు.

ఆ సందులోనే అతని హాస్టల్ ఉండేది. ఐదంతస్తుల మేడ. జిల్లాల నుంచి వచ్చి కంప్యూటర్ కోర్సులు నేర్చుకునే మగపిల్లలు గదికి ఆరుగురు చొప్పున ఉండేవాళ్ళు. అన్నింటికంటే పైన, డాబా మీద, రేకుల షెడ్డులో వంటిల్లు. కింద మెట్ల పక్కన చిన్న గది నేను అద్దెకు తీసుకున్నాను. దాని పక్క గది అతనిది. ఇల్లు కట్టుకునేవాళ్ళకు ఇటుక ఎంత, ఇనుము ఎంత, టైల్స్ ఎన్ని పడతాయో లెక్క కట్టి ఇవ్వడం నా పని. నేను ఇంజినీర్ని కాను. మేస్త్రీల వెంట తిరిగి, తప్పులు చేసి, దిద్దుకుని నేర్చుకున్నాను.

మొదటి రోజు అతను నా పేరు అడగలేదు, వయసు అడిగాడు. ఎవర్నయినా అంతే, పాలవాడినైనా, పోలీసునైనా ముందు వయసే అడిగేవాడు. చెప్పాక ఛాతీ విరిచి, “నా వయసెంతుంటదో చెప్పు” అనేవాడు. తెలిసినవాళ్ళు నలభై ఐదు అనేవాళ్ళు. తెలియనివాళ్ళు మర్యాదకి యాభై అనేవాళ్ళు. తొడ మీద చరుచుకుని నవ్వి చాయ్ చెప్పేవాడు. నేను మెడ కింద చర్మం చూశాను, చేతుల వెనక నరాలు చూశాను, కుర్చీలోంచి లేస్తూ మోకాలి మీద చెయ్యి వేయడం చూశాను. యాభై ఎనిమిది అన్నాను. సరిగ్గా అంతే. చాయ్ రాలేదు. మర్నాటి నుంచి సెల్లారులో నా స్కూటర్‌కి జాగా లేకుండా పోయింది. “జాగ లేదు తమ్మీ” అన్నాడు, మూడు కార్లు పట్టే ఖాళీ ముందు నిలబడి.

అతన్ని అందరూ 'అన్న' అనే పిలవాలి. అంకుల్ అంటే పలికేవాడు కాదు. జగిత్యాల నుంచి కొత్తగా వచ్చిన పిల్లాడొకడు, పద్ధతి తెలియక, “తాతా, నల్లాల నీళ్ళొస్తలేవు” అన్నాడు. మర్నాడు ఆ పిల్లాడి మంచం జనరేటర్ గోడ పక్కకి మారింది. తర్వాత నేర్చుకున్నారు. ఎదురుగా ఎంత తియ్యగా 'అన్నా' అనేవాళ్ళో, వెనక అంత కసిగా 'తాత' అనేవాళ్ళు. రెయిలింగు పట్టుకోకుండా ఐదంతస్తులూ ఎక్కి, పైనుంచి తొంగి చూసి, “ఏంరా, గప్పుడే ముసలోళ్ళయిన్రా?” అని అరవడం అతనికి రోజూ ఉండే సరదా. నేను విసుగుతోనే చూసేవాణ్ణి గానీ, నిజం చెప్పాలంటే ఆ కాళ్ళలో బలం ఉండేది.

బియ్యం తనే కొలిచి ఇచ్చేవాడు. స్టీలు గ్లాసు అంచుకి చూపుడువేలు అడ్డం పెట్టి పైన మిగిలిన నాలుగు గింజలు సంచీలోకి రాల్చేవాడు. “ఆకలికి లెక్కుండది తమ్మీ, అన్నానికి ఉంటది” అనేవాడు. పప్పు గిన్నె మూత తీసి రుచి చూసి, ఎలా ఉన్నా సరే, కింది పెదవి ఒక పక్కకి లాగి ఏదో ఒక వంక చెప్పేవాడు. అతని హాస్టల్లో అన్నం బాగుంటుందని సందంతా పేరు. ఆ పేరు వంటమనిషిది. గ్లాసు అంచు మీద వేలు మాత్రమే అతనిది.

వంటమనిషి పేరు నర్సింగ్. బోరబండ నుంచి వచ్చేవాడు, ముప్పై ఎనిమిదేళ్ళు. తక్కువ మాట్లాడేవాడు. పెళ్ళి చేసుకోలేదు, తల్లి బాలమ్మతో ఉండేవాడు. మధ్యాహ్నం పిల్లలు తిని క్లాసులకు వెళ్ళాక, సాయంత్రం వంట మొదలయ్యేదాకా నర్సింగ్ పైనే గిన్నెలు కడుక్కుని కాసేపు నడుం వాల్చేవాడు. ఆ వేళకి అతను పైకెళ్ళి తన క్యారియర్ తీసుకుని, మెట్ల మీది ఇనుప గ్రిల్లు మూసి బయట తాళం వేసి దిగేవాడు. ఎందుకంటే, “తలుపు తీసుంటే బియ్యానికి కాళ్ళొస్తయి” అనేవాడు. తాళం వేసి ఒకసారి గుంజి, రెండు మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి ఇంకోసారి గుంజేవాడు. లోపల మనిషి ఉన్నాడు కదా అని నేనొకసారి అన్నాను. “పండుకుంటడు. ఏడికి పోతడు?” అన్నాడు.

ఒక మధ్యాహ్నం ఆ షెడ్డులో గ్యాస్ పైపు అంటుకుంది. పక్కనే పాత పరుపులు కుప్ప వేసి ఉన్నాయి. పొగ చూసి మేమంతా పరుగెత్తాం. గ్రిల్లుకి బయటినుంచి తాళం ఉంది. ఎవరో సుత్తి తెచ్చారు. తాళం పగిలేసరికి ఆలస్యమైంది. నర్సింగ్ గ్రిల్లుకి లోపలి పక్కనే, చేతిలో ఫోనుతో పడి ఉన్నాడు. చివరి ఫోన్ అతనికే చేశాడు. అంతకంటే రాయను.

కేసు నడిచింది. నేను సాక్షిని: తాళం బయట ఉందని కళ్ళతో చూసినవాణ్ణి. అతను కోర్టులో చెప్పింది వేరు. ఆ సమయానికి తను పంజాగుట్టలో పని మీద ఉన్నాడట. ఫోన్‌లో మాట వినబడలేదట. తాళంచెవి నర్సింగ్ దగ్గరే ఉంటుందట. బాలమ్మను బోనులో నిలబెట్టి అతని వకీలు, గోదావరి జిల్లా మనిషి, ఎంతో మెత్తగా అడిగాడు: “మీ అబ్బాయికి తాగే అలవాటుందా అమ్మా? గ్రిల్లు సందులోంచి చెయ్యి పెట్టి, తనే తాళం వేసుకుని పడుకునేవాడు కదా?” లేదు సార్, లేదు సార్ అని రెండు సార్లు అంది. ఆ ప్రశ్న మాత్రం కోర్టు దాటి బోరబండకి చేరింది. తాగి తాళమేసుకుని పండుకున్నడట, చెవి దొరకలేదట అని గల్లీలో అనుకున్నారు. నీళ్ళ ట్యాంకర్ దగ్గర గొడవైతే ఆమె మొహం మీదే అన్నారు. అప్పటినుంచి బాలమ్మకి ఒక్కటే కావాలి. నా కొడుకు ఫోన్ చేసినప్పుడు తాళంచెవి ఎక్కడుండె? అది అతని నోటితో చెప్పాలి.

విచారణ తొమ్మిదేళ్ళు పట్టింది. ప్రతి వాయిదాకి బాలమ్మ బోరబండ నుంచి బస్సులో అమీర్‌పేట వచ్చేది. అక్కడినుంచి నా స్కూటర్ మీద తీసుకెళ్ళేవాణ్ణి. కోర్టు వరండాలో అతన్ని చూస్తూ ఉండేవాళ్ళం. మొదట్లో జీన్స్ ప్యాంటు వేసుకుని, కూర్చోకుండా, స్తంభానికి ఆనకుండా నిలబడేవాడు. వాయిదా మీద వాయిదా అడిగేవాళ్ళు. వకీలుకి జ్వరం, సాక్షికి పెళ్ళి, కాగితాలు అందలేదు. ఒకరోజు ఆ వకీలు అంటుంటే విన్నాను: “తొందరేముందండీ అన్నగారూ? వాయిదా వాయిదాకి మీ వయసు పెరుగుతుంది. పెరగనివ్వండి. మనకి అంతకన్నా మంచి సాక్షి లేడు.” వయసు అనేసరికి అతని మొహం మాడింది. కానీ ఆ మాట లోపలికి దిగింది. తర్వాతి ఏడాది జుట్టుకి రంగు మానేశాడు. ఆపైన చేతికర్ర వచ్చింది. వరండాలో బెంచీ కోసం వెతుక్కోవడం మొదలుపెట్టాడు. కొత్త గుమాస్తా ఒకడు 'పెద్దాయనా, ఇటు కూర్చోండి' అంటే పలికాడు. పలికాడు, కూర్చున్నాడు కూడా.

ముసలితనం ఎవరికైనా దానంతట అదే వస్తుంది. అతనికి అలా రాలేదు. పిలిపించుకున్నాడు. రెండేళ్ళలో కేసు తేలి ఉంటే, శిక్ష అనుభవించి బయటికొచ్చి, డెబ్బై లోపే మళ్ళీ మెట్లెక్కి పిల్లల్ని వెక్కిరించి ఉండేవాడు. ఈ లెక్క నేను చాలాసార్లు వేసుకున్నాను. ఎలా వేసినా అదే వస్తుంది.

నేరం రుజువైందన్నాక, శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా అని జడ్జి అడిగాడు. అతను కర్ర మీద రెండు చేతులూ ఆనించి, “డెబ్బై ఒకటి నిండి నాలుగు నెలలు సార్” అన్నాడు. నేను విన్నంతలో అతను తన వయసు పైకి చెప్పడం అదే మొదలు. నెలలతో సహా చెప్పాడు. షుగరు, బీపీ, కిడ్నీలు కూడా చెప్పాడు. సర్కారు వకీలు లేచి వెనక బెంచీలో ఉన్న బాలమ్మని చూపించాడు. చనిపోయిన మనిషి తల్లి, ముద్దాయి కంటే పెద్దది అన్నాడు. జడ్జి ఆమెనే అడిగాడు.

“కార్డుల డెబ్బై మూడని ఉన్నది సార్,” అంది బాలమ్మ.

“ఎట్లా వచ్చినవమ్మా?”

“బస్సుల. మెట్లెక్కిన.”

జడ్జి కాసేపు ఆమెనీ అతన్నీ మార్చి మార్చి చూశాడు. ఐదేళ్ళు వేశాడు. తాళంచెవి ఎవరి దగ్గరున్నా తాళం బయట ఉంది, ఆ తాళం ఇతనిది, అన్నాడు తీర్పులో. బాలమ్మ నా చెయ్యి లాగి అడిగింది: “ఎవరి దగ్గరున్నా అంటడేంది? ఎవరి దగ్గరుండెనో చెప్పలేదా?” చెప్పలేదమ్మా అన్నాను.

అతను జైల్లో ఉన్నది కొద్ది వారాలు. ముందు రిమాండులో ఉన్న మూడు నెలలు కలిపినా పెద్ద లెక్క కాదు. పై కోర్టులో అప్పీలు వేసి, ఆరోగ్యం చూపించి బెయిలు మీద వచ్చాడు. ఆ అప్పీలు ఆరేళ్ళు అలాగే ఉంది. అదంతా నాటకమని నేను నలుగురికీ చెబుతూ వచ్చాను. మనిషి ముందురోజు సోమాజిగూడ ఆస్పత్రిలో చేరతాడు, వాయిదా అయ్యాక లేస్తాడు అనేవాణ్ణి.

అప్పీలు విచారణకి కొద్ది రోజుల ముందు పంజాగుట్టలో ఒక ల్యాబుకి షుగరు పరీక్షకి వెళ్ళాను. గోడ పక్కన చక్రాల కుర్చీలో అతను ఉన్నాడు. అతని కొడుకు కారు పెట్టడానికి వెళ్ళినట్టున్నాడు. పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు. డయాలసిస్ చేసే చేతి మీద నరం తాడులా లేచి ఉంది. చర్మం బూడిద రంగు. నాటకం కాదు. జబ్బు నిజమే. నాకు జాలి కలగాలి. కలగలేదు, కోపం పెరిగింది. అన్నాళ్ళూ అబద్ధాన్ని అడ్డం పెట్టుకున్నవాడి పక్కన చివరికి నిజం కూడా వచ్చి నిలబడిందని.

“నీకిప్పుడెంత?” అన్నాడు.

“యాభై రెండు.”

“నాకెంతుంటదో చెప్పు.”

“డెబ్బై ఏడు.”

నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది. “జడ్జి అడిగితే సుత గిట్లనే చెప్పు,” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, “బాలమ్మ వస్తదా?” అని అడిగాడు.

“ఎప్పుడు రాలేదు?” అన్నాను.

“ఈసారి రావద్దను. ఆమెను చూసే నాకు ఐదేండ్లు పడ్డయి. నేనెంత ముసలోడినైనా ఆమె పక్కన నిలబెడితే పోరగాని లెక్కనే కనబడ్త.” నేను పక్కకి తిరిగాను. “ఊకెనే రావద్దంటలే తమ్మీ. ఆమె అడిగేది నేను చెప్త. కోర్టు అయిపోంగనే, ఆమెకే చెప్త.”

“ఇప్పుడు చెప్పు. నేను పోయి చెప్త.”

“ఇప్పుడు చెప్తే నువ్వు సాక్షివి. మళ్ళ బోనెక్కుతవ్,” అన్నాడు. ఆ బుర్రకి ఏ జబ్బూ రాలేదు.

ఆ మాట ఆమెకి చేరవేయకూడదనుకున్నాను. కానీ పోయింది ఆమె కొడుకు, ప్రశ్న ఆమెది. దాచడానికి నేనెవర్ని? సాయంత్రం బోరబండ వెళ్ళి గడప దగ్గర కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నా సలహా కూడా చెప్పాను. అతని మాట నమ్మొద్దు, నువ్వొచ్చి ముందు బెంచీలో కూర్చో, జడ్జి చూడాలి, జైలుకు పోవాలి.

“ఒట్టు పెట్టిండా?”

“లేదు.”

“పెట్టినా నమ్మేదేముంది,” అంది తనే. కాసేపటికి, “వాడు జైలుకు పోతే నాకేమొస్తది బిడ్డా? ఆడ సుత మూడు పూటలు పెడ్తరు, డాక్టర్ వస్తడు. గల్లీల నా కొడుకు తాగుబోతోడనే ఉంటడు. నేను బయటనే కూసుంట. నువ్వు లోపటికి పో. నేనొచ్చిన్నని చెప్పకు” అంది.

అలాగే జరిగింది. ఆమె వరండాలో బెంచీ మీద కూర్చుంది. నేను లోపల నిలబడ్డాను. వకీలు లేచి, నేరం రుజువు కావడం మీద మాకు వాదన లేదండీ, శిక్ష వరకే మా మనవి అన్నాడు. పదిహేనేళ్ళుగా చెప్పిన పంజాగుట్ట పనీ, వినబడని ఫోనూ, నర్సింగ్ దగ్గరి తాళంచెవీ ఆ ఒక్క మాటతో పక్కకి పోయాయి, చెమటపట్టిన చొక్కా విప్పి పడేసినట్టు. ఆపైన వయసు, కిడ్నీలు, ఆస్పత్రి కాగితాలు. అతను కుర్చీలో తల ఒక పక్కకి వాల్చి ఉన్నాడు. చనిపోయినతని తరఫున ఎవరైనా వచ్చారా అని జడ్జి అడిగాడు. సర్కారు వకీలు వెనక్కి చూశాడు. బయట ఉంది సార్, ఇతనికంటే రెండేళ్ళు పెద్దది అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను. అంత కష్టంగా నేనేదీ మింగలేదు. ఎవరూ రాలేదని రాసుకున్నారు. వయసూ, అనారోగ్యమూ దృష్టిలో పెట్టుకుని, ఇప్పటిదాకా జైల్లో ఉన్నదే శిక్షగా సరిపోతుందన్నారు.

కొడుకు కుర్చీని గబగబా బయటికి తోసుకొచ్చాడు. వరండాలో బాలమ్మ లేచి ఎదురుగా నిలబడి, కుర్చీ చేతి మీద చెయ్యి వేసింది. జరగమ్మా, ఆయనకి బాగాలేదు అన్నాడు కొడుకు. అతను చెయ్యెత్తి ఆపాడు. ఇది అతని మంచితనమని నేను అనుకోను. ఇక చెప్పినా పోయేదేమీ లేదని తెలిసింది, అంతే.

“తాళంచెవి ఏడుండె?” అంది బాలమ్మ.

“నా తాన్నే ఉండె.”

“నా కొడుకు ఫోన్ చేసినప్పుడు?”

“ఎత్తిన. కింద నా రూముల అన్నం ముందట కూసున్న. తినంగనే పోదమనుకున్న. గంతదాక వస్తదనుకోలే.”

నాన్నా, ఊరుకో అని కొడుకు అంటున్నాడు. మేం మెట్లెక్కి పరుగెత్తిన ఆ మధ్యాహ్నం అతను నా గది పక్క గదిలో, మూసిన తలుపు వెనక, కంచం ముందు కూర్చుని ఉన్నాడు. బాలమ్మ శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. ఆ అన్నం వండింది ఎవరో అక్కడ ఉన్నవాళ్ళలో ఆమెకే ముందు తట్టింది.

“ఏం కూర?” అని అడిగింది.

“చుక్కకూర పప్పు,” అన్నాడు. తడుముకోలేదు. పదిహేనేళ్ళూ ఆ గిన్నె అతని కళ్ళ ముందే ఉన్నట్టు చెప్పాడు. కింది పెదవి పక్కకి లాగాడు. “ఉప్పు జర ఎక్కువేసిండు ఆ దినం.”

బాలమ్మ కుర్చీ మీద నుంచి చెయ్యి తీసింది. కొడుకు తోసుకుంటూ వెళ్ళిపోయాడు. నేను వెంటపడి ఏదో అనబోతే ఆమె నా చొక్కా పట్టుకుని ఆపింది. గేటుదాకా ఇద్దరం నడిచాం. స్కూటర్ ఎక్కబోతూ ఆగింది.

“తాళం ముచ్చట నిజమే చెప్పిండు బిడ్డా,” అంది. “ఉప్పు ముచ్చట అబద్ధం. నా కొడుకు ఉప్పు ఎక్కువెయ్యడు.”